ఓట్ల కంటే ముందు కాగితాల లెక్క

మా నాన్నగారు గవర్నమెంటు స్కూలు మాస్టారు. ఎన్నికల డ్యూటీ పడిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఎవరు గెలుస్తారన్నది ఆయనకు పట్టేది కాదు. "కాగితాల లెక్క తేలితే చాలురా" అనేవారు. బూత్‌కు వచ్చిన బ్యాలెట్ పేపర్లు ఎన్ని, ఓటర్లకు ఇచ్చినవి ఎన్ని, పాడైనవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. ఇవన్నీ కుదిరితేనే ఆయనకు ఆ రాత్రి నిద్ర. ఈవీఎంలు వచ్చినా ఆ పద్ధతి పోలేదు. పొద్దున్నే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసే ఉత్తుత్తి ఓటింగ్) చేస్తారు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఫారం 17సిలో రాసి ఏజెంట్లకు కాపీ ఇస్తారు.

అమెరికాలో నాకు బాగా నచ్చింది కొలరాడో రాష్ట్రం పద్ధతి. అక్కడ యంత్రాలు లెక్కపెట్టాక కొన్ని బ్యాలెట్లను బయటికి తీసి మనుషులు సరిచూస్తారు. ఏవి తీయాలన్నది ఎవరి ఇష్టమూ కాదు. అందరూ చూస్తుండగా పది ముఖాల పాచికలు వేసి, పడిన 20 అంకెల ఆధారంగా కంప్యూటర్‌తో ఎంపిక చేయిస్తారు. రాష్ట్రమంతటా ఈ ఆడిట్ 2017లో మొదలైంది. పాచికలంటే మనకు శకుని గుర్తొస్తాడు గానీ, ఇక్కడ అవే కాపలా.

మరి ఇక్కడి మన తెలుగు సంఘాల ఎన్నికల్లో? ఒకసారి నా పోస్టల్ బ్యాలెట్, నేను మూడేళ్ల కిందట ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకు వెళ్లింది. ఆ కవరు ఏమైందని అడిగితే కమిటీలో ఎవరికీ తెలియదు. ఎవరైనా చింపేశారా, నా బదులు ఓటేశారా? నాకిప్పటికీ తెలియదు.

సభ్యుల జాబితాను ముందే ఖరారు చేసి, చిరునామా సరిచూసుకోవడానికి ఒక నెల గడువివ్వాలి. ఆ తర్వాత ఎంత పెద్దమనిషి ఫోన్ చేసినా ఒక్క పేరూ చేర్చకూడదు. లెక్కింపులో పోటీపడే రెండు ప్యానెళ్ల వాళ్లూ కూర్చుంటున్నారు కదా అంటారు. అది చాలదు. అచ్చు వేసిన బ్యాలెట్లు, పోస్టు చేసినవి, చిరునామా దొరక్క వెనక్కి వచ్చినవి, ఓటుతో అందినవి, చెల్లనివి ఎన్నో, ఎందుకు చెల్లలేదో సభ్యులందరికీ ఈమెయిల్‌లో చెప్పాలి. అదీ ఫలితానికి ముందే. ఫలితం తెలిశాక అవే అంకెలను ఓడినవాళ్లు అనుమానంగా చదువుతారు, గెలిచినవాళ్లు అసలు చదవరు.

తర్వాత ఆ లెక్కను మన సంఘం పత్రికైన ఇందులోనూ వేయండి. ఉగాది ఫోటోల్లో రెండు తగ్గిస్తే చోటు సరిపోతుంది.