సన్మాన పత్రంలో పట్టని సంగతి

పోయినేడు చిత్తూరు దగ్గర ఒక ఊళ్లో టీచరమ్మ రిటైర్మెంట్ సన్మానానికి వెళ్లాను. శాలువాలు, దండలు, మెమెంటోలు అయ్యాయి. మైకు పట్టుకున్న ఆరుగురూ ‘క్రమశిక్షణకు మారుపేరు’, ‘ఎందరికో స్ఫూర్తి’ అన్నారు. పేరు మార్చి ఏ టీచరుకైనా చదివేయొచ్చు. వెనక కుర్చీల్లో వాళ్లు టిఫిన్ ఎప్పుడు పెడతారా అని చూస్తున్నారు. నేనూ అంతే.

అప్పుడు పాత విద్యార్థిని ఒకామె, ఇప్పుడు నర్సు, మైకు అడిగి తీసుకుంది. తొమ్మిదో తరగతి అయిన వేసవిలో ఆమె మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోయిందట. మన దగ్గర తోతాపురి కాయ జూన్, జులైల్లోనూ దిగుతుంది కదా, బడి తెరిచినా వెళ్లలేదు. ఒక రాత్రి షిఫ్టు దిగి గేటు బయటికొస్తే టీచరమ్మ స్కూటీ పక్కన నిలబడి ఉంది.

“నా చేతులు రెండూ తిప్పి చూసింది. సొనకు పొక్కి, వేళ్ల సందుల్లో తోలు ఊడుతా ఉండింది. తిడుతుందనుకున్నా. ‘సీజన్ అయినాక రా. హాజరు సంగతి నేను చూసుకుంటా’ అనింది. నెలన్నర హాజరు వేసింది సార్ నాకు.”

వేదిక మీద విద్యాశాఖ అధికారి ఒకాయన కూర్చుని ఉన్నారు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. టీచరమ్మ తల వంచుకుని శాలువా అంచు సర్దుకుంటోంది.

ఆ ఆరు ప్రసంగాల్లో లేని మనిషి ఈ రెండు నిమిషాల్లో కనిపించింది. పేరున్న మగవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల కోపం, మొండితనం కూడా ముచ్చటగా చెప్పుకుంటాం. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి సహనం, త్యాగం అనే రెండు మాటలతో సరిపెట్టేస్తాం. మార్చి 8 వస్తే చాలు, తిరుపతిలో ఏ సభకు వెళ్లినా ఇదే వరస. పదవులు, అవార్డులు చదువుతారు. చదివేవాళ్లకు ఆమెతో ఏం పనిపడిందో ఎవరూ చెప్పరు.

తరిగొండ వెంగమాంబనే తీసుకోండి. తిరుమలలో రోజూ వేలమంది అన్నం తినే భవనానికి ఆమె పేరు. రాత్రి ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాల హారతితోనూ ఆమె పేరే ముడిపడి ఉంది. 18వ శతాబ్దంలో, చిన్నప్పుడే భర్త పోతే, తల గొరిగించుకోనని ఎదురు తిరిగిన మనిషిగా ఆమెను చెప్పుకుంటారు. కావ్యాలూ, యక్షగానాలూ రాసింది. ఆమె చుట్టూ మహిమల కథలకు లోటు లేదు. ఆమెను రోజూ చూసిన పక్కింటావిడ మాట ఒక్కటి దొరికితే, ఆ మహిమలన్నీ ఇచ్చేసి అది తెచ్చుకుంటాను నేను.

నిజానికి ఇలా దగ్గరగా చూసిన మనిషి కథ చెప్పడం మనకు కొత్త విద్యేం కాదు. మా వైపు మహాభారత ఉత్సవం జరిగే ఊళ్లలో పగలు హరికథ, రాత్రి నాటకం. ద్రౌపదమ్మ పడిన కష్టం అందరికీ తెలిసిందే, అయినా కూర్చుంటారు. కానీ కునికేవాళ్లు లేచి వినేది హరిదాసు పిట్టకథ మొదలుపెట్టినప్పుడు. అందులో మన ఊరి మనిషెవరో వస్తారు.

ఇలా చెప్పడం వల్ల ఏమవుతుందని అడిగేవాళ్లకు పక్కనే నెల్లూరు జిల్లా ఉంది. దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు తమ ఇళ్లలో సారా తెచ్చిన గోడు ఒకరికొకరు చెప్పుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చి సారా దుకాణం మూయించారు. ఆ సంగతే అక్షరాస్యత పాఠమై వేరే ఊళ్లలో పైకి చదివితే, విన్నవాళ్లూ కొంగు బిగించారు. 1992లో అది ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది.

అయితే ఒక చిక్కుంది. ఆ నర్సు చెప్పింది తన కథే కాదు, టీచరమ్మ రిజిస్టరు గుట్టు కూడా. సర్వీసులో ఉండగా చెప్పి ఉంటే ఉద్యోగానికే ముప్పు. అవతలి మనిషిని ముందు ఒక మాట అడగడం మర్యాద అని నేననుకుంటాను. ఈమె అడగలేదు.

టిఫిన్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. గొడవ అవుతుందేమోనని నాకే టెన్షన్. టీచరమ్మ ప్లేటు పక్కన పెట్టి, ఆ అమ్మాయి చెయ్యి తిప్పి చూసింది.

“నెలన్నర కాదే,” అంది. “ఇరవై రెండు రోజులు. చెప్తే సరిగ్గా చెప్పు.”