కొలతలు కూడా పెట్టమన్నాడు

ఇప్పుడే ఫోను పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది, అక్షరదోషాలుంటే సర్దుకుని చదవండి.

పలాసలో ఒక జీడిపప్పు షావుకారు. పేరు అనవసరం, అలాంటివారు మీకూ తెలిసే ఉంటారు. జీడిపిక్కలోంచి పప్పు లాగడానికి నేను తయారుచేసిన కొక్కేన్ని తన దగ్గర కొన్నాళ్లు వాడి చూశాడు. భేషుగ్గా ఉందన్నాడు. ధర చెప్పగానే "చూద్దాంలే" అని తిరిగి పంపించేశాడు. ఇవాళ ఫోను చేసి, "తమ్ముడూ, దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. పక్కన స్కేలు కూడా పెట్టి తియ్యి, కొలతలు తెలుస్తాయి. మా మేస్త్రీ లేతు మిషను మీద చేసేస్తాడు" అన్నాడు. దొంగతనానికి వచ్చినవాడు నిచ్చెన పట్టుకోమన్నట్టుంది! పైగా ఆ గొంతులో ఎంత ప్రేమ!

తెలియనివారికి చెబుతాను. ఉడికించి ఆరబెట్టిన పిక్కను రెండు కత్తుల మధ్య పెట్టి కాలితో తొక్కితే పెంకు చీలుతుంది. లోపలి పప్పును సన్నటి కత్తిమొనతో, వేళ్లతో తీయాలి. పెంకులోని జీడి, అంటే ఒళ్లు కాల్చే నూనె, తగిలిన చోటల్లా చర్మం పొక్కుతుంది, నల్లబడుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకే ఆడవాళ్లు చేతులకు నూనో బూడిదో పూసుకుని కూర్చుంటారు. మా అమ్మ బొటనవేలి మీద గీతలన్నవే లేవు. రేషను దుకాణంలో వేలు పెడితే యంత్రం ఎర్రదీపం చూపిస్తుంది, డీలరు "తుడిచి పెట్టమ్మా" అంటాడు, ఆవిడ చీర కొంగుతో మళ్లీ మళ్లీ తుడుస్తూనే ఉంటుంది. తొడుగులు వేసుకోవచ్చు కదా అనే మేధావులకు ఒక మాట: తొడుగు వేస్తే పప్పు వేలికి తెలియదు, చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి కిలో లెక్కన కాబట్టి సాయంత్రానికి డబ్బు తగ్గుతుంది. ఒక రోజు కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

కాలు తొక్కినప్పుడే పప్పును పైకి లాగే కొక్కేన్ని ఆ తొక్కే కడ్డీకే బిగించాను. వేలు పెంకు జోలికి పోనక్కర్లేదు. నేను కనిపెట్టింది ఇంతే.

ఇక సలహాల వరద. ప్రతివాడూ "పేటెంటు తీసుకోలేదా?" అంటాడు, అదేదో మీసేవలో ఇచ్చే కులధ్రువీకరణ పత్రమైనట్టు. తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేశాను మహాప్రభో. నాలాంటి వ్యక్తికి ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు. పన్నెండు నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి, పరిశీలించమని అడగడానికి మరో 4,000. కార్యాలయం చెన్నైలో. దరఖాస్తు భాష రాయడానికి ఏజెంటు అడిగే డబ్బు ముందు ఈ రుసుములు చిల్లర. అన్నీ దాటి హక్కు వస్తే, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఈలోగా షావుకారు మేస్త్రీ కాపీ కొడితే? కోర్టుకు వెళ్లాల్సింది నేనే. ఆయన వకీలు కారులో వస్తాడు, నేను బస్సులో వెళ్తాను. దరఖాస్తు వేయకముందే బయట చూపిస్తే కొత్తదనం పోయినట్టేనట. చూపించకుండా అమ్మే విద్య మాత్రం ఎవరూ చెప్పరు.

శ్రీకాకుళంలో ఒక శిక్షణకూ వెళ్లాను. కోటు వేసుకున్న ఆయన "మీ కస్టమర్ ఎవరు?" అన్నాడు. పిక్క కోసే ఆడవాళ్లన్నాను. "వాళ్లు కొనగలరా?" కొనలేరు. యంత్రం షావుకారుది, చెయ్యి వాళ్లది. ఎవరి చెయ్యి కాలుతుందో వారి దగ్గర డబ్బు లేదు, డబ్బున్నవాడి చెయ్యి కాలదు. ఇదే కదా నా గోడు, దీనికి దారి చెప్పమనే కదా వచ్చాను! "అయితే మార్కెట్ లేదండీ" అని, నా సంచిలో ఏముందో చూడకుండానే పక్కవాణ్ణి పిలిచాడు. పక్కవాడిది ఇంటికి టిఫిన్లు చేర్చే యాప్. దానికి చప్పట్లు.

బ్యాంకులో ఇంకో ముచ్చట. ప్రాజెక్టు రిపోర్టుతో పాటు యంత్రానికి కొటేషను తెమ్మన్నారు. దాన్ని చేసినవాణ్ణే నేను! నాకు నేనే కొటేషను ఇచ్చుకుని, నేనే బేరమాడుకోవాలేమో.

ఇవన్నీ చెబితే చివరికి అందరూ "ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారిని చూసి నేర్చుకో" అంటారు. నేర్చుకున్నాను. చీరకు ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే 1992లో యంత్రం మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1999. పద్మశ్రీ వచ్చింది 2017లో. ఇవాళ ఆయన పేరు చెప్పి నాకు నీతులు చెప్పేవాళ్లలో ఒక్కరైనా ఆ మధ్య ఏళ్లలో ఆయనకు పది రూపాయలు అప్పిచ్చి ఉండేవారా?

అసలు ఈ షావుకార్ల సంగతి నాకు కొత్త కాదు. పిక్కలు అమ్ముకునేవాళ్లం మనం, ధర చెప్పేది వాళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం ప్రాంతంలో తోటలకు తోటలే నేలమట్టమైతే, మా నాన్న వేర్లతో సహా లేచిపోయిన చెట్ల మధ్య తలపట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్లకేళ్లు ఆగి, పిక్క చేతికొచ్చాక తీసుకెళ్తే "రంగు తగ్గింది, తేమ ఉంది" అంటారు. 80 కిలోల బస్తాకు 16,000 ఇమ్మని రైతులు రోడ్డెక్కితే, ఆఫ్రికా పిక్క చవకగా వస్తోంది, మీది మాకెందుకన్నారు. అదే ఆఫ్రికా పిక్క లోపలి పప్పును డబ్బాలో పోసి మీద "పలాస జీడిపప్పు" అని అచ్చేయించుకోవడానికి మాత్రం మన ఊరు పనికొస్తుంది!

ఈ ఏడాది మీ ఊళ్లో బస్తా ఎంతకు కొన్నారో కింద రాయండి. తూకంలో ఎంత కోశారో కూడా రాయండి.