టెర్మినల్‌లో మెయిల్ పని ఖతమైందా? ఆ ఫార్వర్డ్‌కు జవాబు

వరంగల్, కాజీపేట స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మట్, ఆల్పైన్ లాంటి టెర్మినల్ మెయిల్ ప్రోగ్రాములు (బొమ్మలు, మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసే నల్ల తెరలో నడిచేవి) చచ్చిపోయాయట, గూగుల్ 2022లోనే వాటిని ఆపేసిందట, అటాచ్‌మెంట్లు తెరుచుకోవట, పాస్‌వర్డ్ ఫైల్లో అందరికీ కనబడుతుందట, తెలుగు రాదట, నెట్ సరిగ్గా లేని ఊళ్లలో అయితే అసలే దండగట. ఇందులో తెలుగు సంగతి చాలావరకు నిజం. మిగతాదంతా ఎక్కడో సగం విని పూర్తిగా రాసిందే.

ముందు గూగుల్ ముచ్చట. 2022 మే 30న గూగుల్ ఆపింది ఏ ప్రోగ్రామునూ కాదు, మామూలు జీమెయిల్ అకౌంట్లలోకి బయటి ప్రోగ్రాములు మన అసలు పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతిని. ఆ దెబ్బ మట్‌కు ఎంత తగిలిందో, అదే పద్ధతిలో లాగిన్ అయ్యే, మౌస్‌తో వాడే మామూలు మెయిల్ ప్రోగ్రాములకూ అంతే తగిలింది. రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసుకుంటే గూగుల్ 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఒకటి ఇస్తుంది, దాన్ని పెట్టుకుంటే మట్ ఎప్పటిలాగే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇంకొంచెం గట్టిగా పట్టింది: 2024 సెప్టెంబరు 16 నుంచి ఔట్‌లుక్ పర్సనల్ అకౌంట్లకు ఓఆత్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు ఇచ్చే తాత్కాలిక తాళం) తప్పనిసరి, దాన్ని తెచ్చుకోవడానికి మట్ నుంచి పుట్టిన నియోమట్‌తో పాటే ఒక పైథాన్ స్క్రిప్ట్ వస్తుంది, మొదటిసారి సెట్ చేసేటప్పుడు మాత్రం తల తినేస్తుంది. కాలేజీ, ఆఫీసు మెయిళ్ల విషయం వేరు, అక్కడ ఐమ్యాప్ (బయటి ప్రోగ్రాములు మెయిల్ తెచ్చుకునే దారి) ఉంచాలా వద్దా అన్నది అడ్మిన్ ఇష్టం.

చచ్చిపోయిందన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. మట్‌ను 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టాడు, నియోమట్ 2016లో వచ్చింది, ఏఈఆర్‌సీ అనే ఇంకో టెర్మినల్ మెయిల్ ప్రోగ్రాము 2019లో వచ్చింది. చచ్చినదానికి కొత్త పిల్లలు పుడతాయా? లైనక్స్ కెర్నల్‌కు (ఆ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్‌కు) ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఇప్పటికీ సాదా టెక్స్ట్ మెయిల్‌లోనే పోతాయి, జీమెయిల్ వెబ్ పేజీ నుంచి పంపితే ట్యాబ్‌లు స్పేసులుగా మారి ప్యాచ్ పాడవుతుందని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

అటాచ్‌మెంట్లు తెరుచుకోవన్నవాళ్లు వి అనే కీ నొక్కి చూడలేదు. మెయిల్ తెరిచి అది నొక్కితే లోపల ఉన్న ముక్కలన్నీ వరుసగా కనబడతాయి: సాదా టెక్స్ట్ ఒకటి, హెచ్‌టీఎంఎల్ ఒకటి, హాల్‌టికెట్ పీడీఎఫ్ ఒకటి, పక్కనే సైజు. పీడీఎఫ్ మీద ఎంటర్ కొడితే మెయిల్‌క్యాప్ అనే సెట్టింగుల ఫైల్లో (ఏ రకం ఫైలు దేంతో తెరవాలో రాసుకునేది) మీరు చెప్పిన వ్యూయర్‌లో తెరుచుకుంటుంది, ఎస్ నొక్కితే సేవ్ అవుతుంది. హెచ్‌టీఎంఎల్ ముక్కను లింక్స్ (lynx) అనే టెక్స్ట్ బ్రౌజర్‌తో టెక్స్ట్‌గా మార్చుకుంటే లింకుల అసలు అడ్రసులు కింద నంబర్లతో వచ్చేస్తాయి. కరెంటు బిల్లు కట్టకపోతే రాత్రికి కనెక్షన్ కట్ అని బెదిరించే మెయిల్‌లో బటన్ వెనక ఏ సైట్ ఉందో అక్కడే బయటపడుతుంది. మెయిల్ చదివారా లేదా అని కనిపెట్టే కంటికి కనబడని బొమ్మలు కూడా వాటంతట అవి లోడ్ కావు. అలాగని టెర్మినల్ వాడేవాడిని ఎవడూ మోసం చెయ్యలేడని చెప్పేవాళ్లనూ నమ్మకండి, వైరస్ ఉన్న ఫైలు ఎక్కడ తెరిచినా వైరస్సే.

పాస్‌వర్డ్ సంగతికొస్తే, సెట్టింగుల ఫైల్లో దాన్ని అట్లనే టైప్ చేసి పెట్టమని ఎవరూ బలవంతపెట్టలేదు. జీపీజీ అనే టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకుని, అవసరమైనప్పుడు ఒక కమాండ్‌తో తీసుకునేలా మట్‌లో రాసుకోవచ్చు, మెయిల్ పంపే ఎంఎస్ఎంటీపీ అనే ప్రోగ్రాములో దానికి ప్రత్యేకంగా ఒక ఆప్షనే ఉంది.

నాకు నవ్వొచ్చింది నెట్ లేని ఊళ్ల ముచ్చటకు, ఎందుకంటే ఇది పనికొచ్చేదే అక్కడ. హన్మకొండలో వైఫై ఉన్నప్పుడు మెయిళ్లను దించుకునే ఎంబీసింక్ అనే ప్రోగ్రాము ఒకసారి నడిపితే అటాచ్‌మెంట్లతో సహా మెయిళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చి పడతాయి, ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైలు. మొదటిసారి పాత మెయిళ్లన్నీ దిగాలి కాబట్టి గంటలు పట్టొచ్చు, తర్వాత కొత్తవే వస్తాయి. ఇక ములుగు దాటి తాడ్వాయి అడవిలో బస్సు పోతున్నప్పుడు సిగ్నల్ ఒక్క గీత లేకపోయినా చదవొచ్చు, మెయిళ్లలో వెతికే నాట్‌మచ్ అనే ప్రోగ్రాముతో మూడేళ్ల కిందటి ఫీజు రసీదు వెతకొచ్చు, జవాబు రాసి పెట్టొచ్చు. ఎంఎస్ఎంటీపీతో వచ్చే క్యూ స్క్రిప్ట్ దాన్ని దాచి ఉంచుతుంది, నెట్ వచ్చాక పంపొచ్చు. పాత నాలుగు జీబీ ల్యాప్‌టాప్‌లో కూడా ఇదంతా బరువనిపించదు.

ఇక తెలుగు. టెర్మినల్ అంటే సమానమైన గళ్లు, ఒక్కో గడికి ఒక్కో అక్షరం అన్న లెక్కతో ఇంగ్లిష్ కోసం పుట్టింది. మన వత్తులు ఆ గళ్లలో ఇమడవు. హన్మకొండ అని ఎవరైనా రాస్తే చాలా టెర్మినళ్లలో న కింద మ వత్తు చేరదు, రెండూ విడివిడిగా పడతాయి. స్త్రీ అనే అక్షరం అయితే యూనికోడ్‌లో ఆరు ముక్కలు, దాని గతి మీరే ఊహించుకోండి. మెయిల్ మాత్రం పాడవదు, అదే ముక్కను బ్రౌజర్‌లో తెరిస్తే చక్కగా ఉంటుంది. భారతీయ లిపులను పట్టించుకునే ఎంఎల్‌టెర్మ్ లాంటి టెర్మినళ్లు ఉన్నాయి గానీ, రోజూ తెలుగులోనే మెయిళ్లు రాసుకునేవాళ్లకు నేనైతే టెర్మినల్ వాడమని చెప్పను, మౌస్‌తో వాడే థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాము పెట్టుకోండి. కోడ్, ఇంగ్లిష్ మెయిళ్లు, నోటిఫికేషన్లే ఎక్కువైతే ఉబుంటులో నియోమట్, ఐసింక్, ఎంఎస్ఎంటీపీ, లింక్స్ వేసుకోండి. ఎంబీసింక్ కోసం వెతికితే ఆ పేరుతో దొరకదు, ఐసింక్ ప్యాకేజీలోనే ఉంటుంది.