మిగిలిన రెండు బిర్యానీ పొట్లాలు

కొండెక్కిన గుంపులో ఎంతమంది తిరిగి కిందికి దిగారో తెలుసుకోవడానికి లోకం ఇప్పటిదాకా తలలు లెక్కపెట్టడమనే మొరటు పద్ధతినే నమ్ముకుంది. మన నగరంలో వారాంతపు ట్రెక్కులు నడిపేవారు అంతకన్నా నాజూకైన పద్ధతి కనిపెట్టారు. బిర్యానీ పొట్లాలు లెక్కపెడతారు. ముప్పై ఎనిమిది తెప్పించారు, అందరూ తినగా రెండు మిగిలాయి. కాబట్టి అడవిలో ఇద్దరు మిగిలారు.

ఈ ఆవిష్కరణ జరిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నా పొట్లం అప్పటికే ఖాళీ అయింది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

ప్రకటన వాట్సాప్‌లో వచ్చింది. ‘తొలిసారి వచ్చేవారికి అనువైనది. కష్టం: సులువు నుంచి మధ్యస్థం.’ ఎన్ని కిలోమీటర్లు నడవాలి, ఎన్ని మీటర్లు ఎక్కాలి, దారిలో నీళ్ళు దొరుకుతాయా, అటవీశాఖ అనుమతి ఉందా, ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు వంటి చిల్లర విషయాలతో మన బుర్ర పాడుచేయలేదు. డ్రోను ఫోటోలు, టీషర్టు, కొండ మీద సూర్యాస్తమయం, చలిమంట, బిర్యానీ. శాకాహారులు ముందుగా తెలియజేయాలి. మా ఆరోగ్యం గురించి, శరీరతత్వం గురించి వారు అడిగిన ప్రశ్న అదొక్కటే.

బస్సెక్కగానే చేతికొక కాగితం ఇచ్చారు. జారిపడినా, పాము కరిచినా, తేనెటీగలు కుట్టినా, ప్రాణం పోయినా నిర్వాహకులకు సంబంధం లేదని, అంతా నా ఇష్టపూర్వకమేనని నేను ఒప్పుకోవాలి. సంతకం పక్కనే టీషర్టు సైజు రాయాలి. పోతే ఎవరికి కబురు చేయాలో రాయడానికి చోటు లేదు. సైజు గడి మాత్రం పెద్దదే.

ఇక శిక్షణ. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో, ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు ఆ అమ్మాయి భువనగిరి గుట్ట మీద రాయి పట్టడం నేర్చుకుంది, డార్జిలింగ్ వెళ్ళింది, లడఖ్ చలిలో తర్ఫీదు పొందింది. పాపం, అప్పటికి ఆధునిక పద్ధతులు రాలేదు. మాకు బస్సులో రెండు గంటలు అంత్యాక్షరి ఆడించారు. ‘ఠ’తో పాట రాక మా వరస ఓడిపోయింది. ఆ తర్వాత పరిచయాలు: ఇష్టమైన రంగు, రాశి, ప్రేమలో పడ్డారా లేదా. గుండె జబ్బు ఉందా, ఆయాసం ఉందా, కాళ్ళకు వేసుకున్నవి చెప్పులా బూట్లా అని అడిగితే వాతావరణం పాడైపోదూ?

గుట్ట కింద దిగగానే టీషర్టులు పంచారు. వాటి మీద ‘శిఖరాన్ని జయించాను’ అని ఉంది. ఇంకా ఒక్క మెట్టైనా ఎక్కలేదు కదా అన్నాను. దిగి వచ్చాక ఇస్తే ఫోటోలో చెమట కనిపిస్తుంది అంకుల్, అన్నాడు లీడరు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. ఆ ఫోటోకి డ్రోను నాలుగుసార్లు లేచింది. మొదటిసారి ఎవరో కళ్ళు మూసుకున్నారు. రెండోసారి గాలికి టోపీ పోయింది. మూడోసారి డ్రోనే వేపచెట్టులో ఇరుక్కుంది. దాన్ని దించడానికి చూపిన శ్రద్ధ, వేసిన పథకం, అప్పటికప్పుడు ఏర్పడిన సహాయక బృందం చూసి, ఈరోజు నేను గనక తప్పిపోతే డ్రోనునై తప్పిపోవాలి అనుకున్నాను. ఇదంతా ముగిసేసరికి నాలుగుంపావు. ఫిబ్రవరి చివరివారం, ఆరున్నర లోపే పొద్దు గూకుతుంది.

లీడరుకి ఇరవై మూడేళ్ళుంటాయి. మేకపిల్లలా ఎగిరిపోయాడు. కుర్రకారు వాడి వెంటపడింది. మిగిలినవాళ్ళం చిరిగిన సంచిలోంచి రాలిన బియ్యపు గింజల్లా దారి పొడవునా ఒక్కొక్కరం రాలిపోతూ ఎక్కాం. ఎలాగో అందుకుని, వెనక ఎవరున్నారు నాయనా అని అడిగాను. ‘వెనక ఎవరూ లేరు అంకుల్, అందరూ ముందే ఉన్నారు’ అన్నాడు, ముందుకే చూస్తూ. నా వెనక కనీసం పదిమంది ఉన్నారు. అతని లెక్క ప్రకారం వాళ్ళు ఇంకా పుట్టలేదు.

సూర్యుడు అస్తమించాడు. చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక చీకటి పడిందని అందరికీ ఒకేసారి తట్టింది. ఫోన్ల వెలుగులో, పిరుదుల మీద జారుతూ దిగాం.

ఇప్పుడు పొట్లాల దగ్గరికి వద్దాం.

‘ఇంకా ఎవరు తినలేదు?’ అని లీడరు మూడుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు. దాంతో చర్చ మొదలైంది. శనివారం కదా, ఎవరో ఒంటిపూట ఉండుంటారు అని ఒకావిడ. హోటలువాళ్ళు రెండు ఎక్కువ వేసుంటారు అని ఇంకొకాయన. వెంటనే హోటలుకు ఫోను చేశారు. ‘ముప్పై ఎనిమిదే సార్, మా దగ్గర లెక్క తప్పదు’ అన్నాడు అవతలివాడు. ఆ రాత్రి ఆ చుట్టుపక్కల లెక్క తప్పనివాడు అతనొక్కడే. ఈలోగా ఇద్దరు కుర్రవాళ్ళు, ఆ రెండూ మేమే తినేస్తామని ఉదారంగా ముందుకొచ్చారు. తినేసి ఉంటే లెక్క సరిపోయేది, బస్సు కదిలేది. అప్పుడు ఒక పెద్దాయన పొట్లాలు విప్పి చూశాడు. రెండింట్లో ఒకటి వెజ్. అంటే తప్పిపోయినవారిలో ఒకరు శాకాహారి. ఏ పోలీసు కుక్కా ఇంత తొందరగా ఆనవాలు పట్టదు. ఆ ఆనవాలు పట్టుకుని వెనక్కి వెళితే, బస్సులో రెండో వరసలో కూర్చున్న బ్యాంకు ఉద్యోగిని తేలారు. యాభై దాటిన మనిషి, ఇష్టమైన రంగు లేత నీలం, కన్యారాశి. పేరు ఎవరికీ తెలియదు. ఆమె ఫోను నంబరు డబ్బు కట్టిన యాప్‌లో ఉంటుందట, ఆ యాప్ చూసే అబ్బాయి ఈ వారం రాలేదట. రెండో మనిషి ఆమె అక్క కూతురు.

ప్రథమ చికిత్స పెట్టె తెరిస్తే అందులో స్పీకరు ఛార్జరు ఉంది. టార్చిలైటు లేదు. డ్రోనుకి మాత్రం అదనపు బ్యాటరీలు మూడున్నాయి.

తొమ్మిదింబావుకి వాళ్ళిద్దరూ వచ్చారు. మేం వెతకలేదు. ఒక మేకల కాపరి తీసుకొచ్చాడు. ఆవిడ బూటు అట్ట ఊడిపోయింది. ఊడిన బూటుని చున్నీతో కట్టుకుని, దారి చీలినచోట తప్పు వైపు దిగి, ఒక బండ మీద కూర్చుండిపోయారు. ఆ పిల్ల ఆవిడని వదలలేదు. నీళ్ళు ఆరింటికే అయిపోయాయి.

‘వీళ్ళు మీవాళ్ళేనా బాబూ?’ అన్నాడు కాపరి.

‘అవునండీ, వాళ్ళ కోసమే చూస్తున్నాం.’

అతను మా చేతులు చూశాడు, విస్తరాకులు చూశాడు. ‘నావి అరవై నాలుగు మేకలు. పొద్దున లెక్కపెట్టి వదులుతాను, మాపటికి లెక్కపెట్టి తోలుకొస్తాను. ఒకటి తక్కువైతే నాకు అన్నం దిగదు’ అన్నాడు.

లీడరు కృతజ్ఞతగా అతనికొక ‘శిఖరాన్ని జయించాను’ ఇచ్చాడు. సైజు కూడా అడిగాడు. కాపరి దాంతో తన టార్చిలైటు అద్దం తుడుచుకుని, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరో అన్నారు, నడవలేనివాళ్ళు ఎందుకు రావాలండీ అని. చాలామంది తలలూపారు. ఎందుకు రావాలా? ‘తొలిసారి వచ్చేవారికి అనువైనది’ అని మీరే రాశారు కనక వచ్చారు. తొలిసారి వచ్చినవాళ్ళు మెల్లగానే నడుస్తారు. ఆవిడ మెల్లగా నడవడం ఆవిడ తప్పు కాదు. అందరితో సమానంగా డబ్బు తీసుకుని, ఆవిడ వెనక ఒక మనిషిని పెట్టకపోవడం తప్పు. ఒక్క మనిషి! డ్రోనుకి ఇద్దరిని పెట్టారు.

చలిమంట కూడా వేశారు. మోకాలెత్తు ఎండుగడ్డి మధ్య, ఫిబ్రవరి చివర్లో. మన నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే దాకా అగ్గి కాలమే. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో గడ్డి అంటుకుంటే, ట్రెక్కుకి వెళ్ళినవాళ్ళలో ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది చెన్నై నుంచి వెళ్ళిన ఆడపిల్లలు. వాళ్ళు నడిచిన దారికి అనుమతి లేదని అధికారులు ఆ తర్వాత చెప్పారు. ఆ తర్వాత! అనుమతి కాగితం చూపించమని బస్సెక్కే ముందు అడిగితే మనం చాదస్తులం, సరదా తెలియనివాళ్ళం, ‘అంకుల్’లం. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన సుమారు ఎనభై మంది, వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. ఫోను పనిచేసింది కాబట్టి, జాతీయ విపత్తు దళం రాత్రికి రాత్రి వచ్చింది కాబట్టి బతికి బయటపడ్డారు. ఆ రోజు అక్కడ సిగ్నల్ లేకపోతే ఏ పొట్లాలు లెక్కపెట్టేవారు?

ఇంకొక మనిషి కూడా నాకు తెలుసు. ఈయన కూడా కొండలకు తీసుకెళతాడు. మొదటిసారి ఫోను చేస్తే అరగంట నన్నే ప్రశ్నలడిగాడు. బీపీ ఎంత, మోకాళ్ళెలా ఉన్నాయి, లిఫ్టు లేకుండా ఐదంతస్తులు ఎక్కితే ఎన్నిసార్లు ఆగుతారు. విని, ‘మీరు ఈ నెల వద్దు సార్, రోజూ మెట్లెక్కి వచ్చే నెల రండి’ అని డబ్బు వెనక్కి పంపాడు. వచ్చే నెల వెళ్ళాను. పదిహేను మందిమి. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఆగిన ప్రతిచోటా వరసగా ఎవరి నంబరు వారు పలకాలి. చిన్నపిల్లల్లా ఏమిటిది అని విసుక్కున్నాను కూడా. నా నంబరు పదకొండు. చివరన ఆయన తమ్ముడు నడిచాడు, ఎంత మెల్లగా నడిచినా మనల్ని దాటి ముందుకు పోడు. అటవీశాఖ కాగితం నకలు, మా పేర్ల జాబితా కింది ఊళ్ళో ఇచ్చి బయలుదేరాడు. రెండు గంటలకు వెనక్కి తిరగాలన్నాడు. రెండయ్యేసరికి శిఖరం కళ్ళెదుటే, వంద అడుగుల్లో ఉంది. తిప్పేశాడు. బతిమాలాం, తిట్టుకున్నాం, వినలేదు. ఆయన దగ్గర డ్రోను లేదు, టీషర్టు లేదు, ఆయన ఇచ్చింది పులిహోర. సహజంగానే ఆయన వ్యాపారం అంతంత మాత్రం.

మొన్న పాతవారి దగ్గర నుంచి కొత్త ప్రకటన వచ్చింది. పైన మా గుట్ట, సూర్యాస్తమయం, శిఖరం మీద నీలం టీషర్టుల గుంపు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. కింద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది:

‘పోయినసారి మిస్సయినవారికి మరో అవకాశం!’