తిత్లీ చూసినవాళ్లు ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయరు

ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. వ్యవస్థ కూలిపోయే రోజు దగ్గర్లోనే ఉందట. ఉన్నవాళ్లు ఇప్పుడే ఊళ్లో ఫామ్‌హౌస్ కట్టుకుని, ఏడాదికి సరిపడా బియ్యం, జనరేటర్, బంగారం, చుట్టూ ఎత్తైన గోడ పెట్టుకుంటే కుటుంబానికి ఢోకా లేదట. లేనివాళ్లు ముందు మన మీదే పడతారట.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి తోటలూ శ్లాబు ఇల్లూ బోరూ ఉన్న కుటుంబమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, వ్యవస్థ కూలడమంటే ఏమిటో కొన్నాళ్లు శాంపిల్ చూశాం.

జనరేటర్ మాకుంది. డీజిల్ రెండో రోజుకే అయిపోయింది. బంకులో ఆయిల్ ఉన్నా దాన్ని పైకి తోడే పంపుకీ కరెంటే కావాలి. అసలు బంకు దాకా వెళ్లాలంటే దారేదీ, అడుగడుగునా చెట్లే. బోరు ఆగింది, ట్యాంకు ఎండింది. చివరికి దిక్కయింది మేం ఏనాడో వదిలేసిన వీధి చివరి నుయ్యి. తోడుకోవడానికి మాకు చేదా లేదు, తాడూ లేదు, వెనక వీధివాళ్లని అడిగి తెచ్చుకున్నాం. ఫ్రిజ్‌లో నాన్న ఇన్సులిన్ పాడైపోతుందని టెన్షన్ పడుతుంటే, తడి ఇసుకలో కుండ పెట్టి అందులో దాచమని చెప్పింది మా ఇంట్లో పనిచేసే పెద్దావిడ. అప్పటికి ఆవిడ ఇంటికి కప్పు లేదు.

ఏడాది బియ్యం అని రాసినవాడు ఎన్నడూ బియ్యం నిలవ చేసి ఉండడు. మర పట్టించిన బియ్యానికి నాలుగు నెలలు గడిస్తే ముక్కపురుగు. పాతవాళ్లు గాదెలో పోసింది ధాన్యం. దాన్ని బియ్యం చేయాలంటే మిల్లు, మిల్లుకి కరెంటు, అదీ లేకపోతే రోలూ రోకలీ. మా ఇంట్లో దంపుడు తెలిసిన చివరి మనిషి మా మామ్మ.

బంగారం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏటీఎంలు ఆగిపోయినప్పుడు కొట్టతను కొవ్వొత్తులూ పాలపొడీ ఇచ్చింది మా మొహం చూసి, ఖాతా మీద.

ఇక గోడ. గేటుకి అడ్డంగా చెట్లు పడి మేం లోపలే ఇరుక్కున్నాం. మధ్యాహ్నానికి పదిమంది గొడ్డళ్లూ కత్తులూ పట్టుకుని వచ్చారు. మెసేజ్ ప్రకారం మేం భయపడాలి. వాళ్లు చెట్లు నరికి దారి చేసి, పక్కింటికి వెళ్లిపోయారు.

"మరి 1967-70లో శ్రీకాకుళం నక్సలైట్ పోరాటంలో గిరిజనులు భూస్వాముల మీద పడ్డారు కదా?" అని మా బావ గ్రూపులోనే అడిగాడు. పడ్డారు. పార్వతీపురం ఏజెన్సీలో భూస్వాములు, సాహుకార్లు ఊళ్లు వదిలి పట్నాలకి పోయారు. కానీ అది తిండి దొరక్క ఒక్కరోజులో జరిగిన దోపిడీ కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి అప్పుల కింద గిరిజనుల భూములు పోయాయి, వెట్టి నడిచింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకి వెళ్తున్నవాళ్లపై భూస్వాముల వైపువాళ్లు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ధాన్యం, డబ్బు, తుపాకీ అన్నీ ఉన్నవాళ్లే ఊళ్లో ఉండలేకపోయారు.

డబ్బు దండగని నేననను. మా శ్లాబు నిలిచింది, పాకలు ఎగిరిపోయాయి. దారి తెరుచుకోగానే నాన్నని కార్లో విశాఖ తీసుకెళ్లాం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో డయాలసిస్ మీద బతికేవాళ్లందరికీ కార్లు లేవు. అయితే మా కారైనా పనికొచ్చింది విశాఖలో ఆసుపత్రి నడుస్తోంది కాబట్టే. అదీ మూతపడి ఉంటే ఎక్కడికి తోలేవాళ్లం?

మెసేజ్ పెట్టిన చిన్నాన్న విశాఖలో పదో అంతస్తులో ఉంటాడు. మా ఊళ్లో ఫామ్‌హౌస్‌కి స్థలం చూడమన్నాడు. నుయ్యి ఉన్నదే చూస్తానన్నాను. గోడ సంగతి ఇంకా ఎత్తలేదు.