విందుకీ మందుకీ ఒక్క అక్షరమే

జీవపరిణామం మీద నాకు మొదటి నుంచీ ఒకటే అభ్యంతరం. విశాఖలో రేషన్ కార్డులో పేరు దిద్దించుకోవాలన్నా దరఖాస్తు, జిరాక్సులు, తెలిసినవాళ్ల చేత ఒక ఫోను తప్పవు. ఒంటి తీరంతా రాసి ఉండే డీఎన్ఏలో అక్షరం మారడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదట. పుట్టే ప్రతి బిడ్డా అమ్మానాన్నల్లో లేని 60, 70 కొత్త మార్పులతో దిగుతుందట. శాస్త్రజ్ఞులు దీన్ని 'యాదృచ్ఛికం' అని ఫైలు మూసేశారు.

బీచ్ రోడ్డులో మా పొద్దుటి నడక బృందం ఇందుకు ఒప్పుకోదు. "కారణమే లేకుండానా? సింహాద్రి అప్పన్న చూస్తూ ఊరుకుంటాడా?" అని ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ సబ్‌మెరైన్ దగ్గర ఆగి మరీ అడుగుతారు. (ఆయన పెద్దబ్బాయి అమెరికా వెళ్లడం వంశ లక్షణం. చిన్నబ్బాయి మూడుసార్లు తప్పడం యాదృచ్ఛికం.)

జవాబు మా చిన్నాన్న కూతురి పెళ్లిలో దొరికింది. డాబాగార్డెన్స్‌లో ఒక డీటీపీ షాపులో శుభలేఖలు వేయించాడు. 'అనంతరం విందు స్వీకరించి' అని ఉండాల్సిన చోట 'అనంతరం మందు స్వీకరించి వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన' అని పడింది. పంచేశాక చూసుకుని "ఏట్రా ఇది!" అని కూలబడ్డాడు. గాజువాక మండపంలో రెండో బంతికే అన్నం అయిపోయింది.

ఆ తప్పుకి కారణం లేదా? ఉంది. ఆపరేటరుకి నిద్ర చాల్లేదు, పైగా సాయంత్రం ప్రోగ్రామేదో బుర్రలో తిరుగుతోంది. డీఎన్ఏలోనూ అంతే. రేడియేషన్, రసాయనాలు, కాపీ చేసే ఎంజైము పొరపాట్లు ఉంటాయి. కొన్ని చోట్ల తప్పులు మరీ ఎక్కువ పడతాయి కూడా. అయితే వేలు జారేముందు ఆపరేటరు మా చిన్నాన్నకి జనం కావాలా అని అడగలేదు. యాదృచ్ఛికమంటే ఇంతే. జనం విరగబడి రావడంలో మాత్రం యాదృచ్ఛికం ఏమీ లేదు. అదే కార్డు భజన మండలికి పంచి ఉంటే మండపంలో ఈగలు ముసిరేవి.

1943లో లూరియా, డెల్‌బ్రక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్నే తేల్చారు. తనను చంపే వైరస్‌ను చూశాక బాక్టీరియా మారిందా, అంతకు ముందే మారి ఉందా? విడివిడి గొట్టాల్లో పెంచి వైరస్ మీదికి వదిలితే, కొన్నింట్లో ఒక్కటీ బతకలేదు, కొన్నింట్లో గుంపులు గుంపులుగా బతికాయి. అవసరం చూసి మారేవైతే అన్నింట్లో ఇంచుమించు ఒకేలా ఉండాలి. లేవు కనుక, ముందే మారి ఉన్నాయన్నమాట. లూరియాకి ఈ ఆలోచన తట్టింది స్లాట్ మెషీన్ ఆడుతున్న సహోద్యోగిని చూసి. మన దగ్గర అలాంటి చోటికి వెళ్తే ఇంట్లో రానివ్వరు.

ఘాట్ ఎక్కి పాడేరు వైపు వెళ్తే ఈ వేళాకోళం చెల్లదు. అక్కడి గిరిజనుల్లో కనిపించే తప్పు ఇది: రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం, 'ఏ' బదులు 'టీ'. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ప్రాణాంతకమైన మలేరియా నుంచి కాపు కాస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు, ఒళ్లంతా నొప్పులు, మాటిమాటికీ ఆసుపత్రి. ఇది మంచి తప్పా, చెడ్డ తప్పా అని మాస్టారిని అడిగాను. ఆయన వంగి, ఊడని షూ లేసు కట్టుకున్నారు.

చిన్నాన్నకి ఈ సిద్ధాంతాలు ఎక్కలేదు. మధురవాడలో ఇల్లు పూర్తవగానే మళ్లీ అదే షాపుకి వెళ్లి, అదే ఆపరేటరుని పట్టుకుని, ప్రూఫు చూడనని ముందే చెప్పాడు. కార్డు మీద 'గ్రహప్రవేశం' అని పడింది. పొద్దున్నే పురోహితుడు ఫోను చేశాడు. "ఏ గ్రహమో చెప్పండి బాబూ, శనైతే నువ్వులూ నల్లగుడ్డా తెచ్చుకోవాలి."