బెల్టు రంగు చూడకండి, ఎదురు నిలిచే జోడీని చూడండి

జూన్ వచ్చిందంటే స్కూలు గోడల మీద, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో కరాటే క్లాసుల ప్రకటనలు వెలుస్తాయి. తెల్ల దుస్తులు, గాలిలోకి లేచిన కాలు, కింద రెండు మాటలు: ఆరోగ్యం, ఆత్మరక్షణ. తల్లిదండ్రుల ప్రశ్న కూడా ఏటా ఒకటే. కరాటేలో చేర్చాలా, తైక్వాండోలోనా, బాక్సింగ్‌లోనా, ఈ మధ్య నగరాల్లో వినిపిస్తున్న థాయ్‌లాండ్ పోరువిద్య ముయే థాయ్, నేల మీద పట్లతో పెనుగులాడే బ్రెజిలియన్ జుజుత్సులోనా? ఈ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికితే ఎటూ తేలదు. ఏ విద్య అభిమాని ఆ విద్యే గొప్పదంటాడు. అసలు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఆ క్లాసులో మన పిల్లవాడికి ఎదురుగా ఒక మనిషి నిలబడుతున్నాడా? నిలబడితే, నిజంగా అడ్డుకుంటున్నాడా?

దీని ప్రాధాన్యాన్ని ఆచరణలో స్పష్టంగా చూపినవాడు జూడో స్థాపకుడు జిగోరో కానో. 1882లో, ఇరవైల తొలినాళ్లలో ఉన్నప్పుడే, టోక్యోలోని ఐషోజీ అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి కోడోకాన్ పాఠశాల మొదలుపెట్టాడు. అప్పటికే జపాన్ పాత పోరువిద్య జుజుత్సులో రెండు శాఖలను శ్రద్ధగా నేర్చుకున్నవాడు. ఆ పాత శాఖల్లో కన్ను పొడవడం, వేలు విరవడం వంటి ప్రమాదకరమైన పట్లు చాలా ఉండేవి. వాటిని జోడీ మీద పూర్తి బలంతో సాధన చేస్తే మర్నాటికి జోడీ మిగలడు. అందుకే గురువు చూపినట్టు మెల్లగా, ముందే ఒప్పుకున్న వరుసలో చేసేవారు. కానో స్వేచ్ఛగా తలపడే సాధనలోంచి వాటిని తీసేశాడు. విసరడం, నేలకు అదిమి పట్టడం, మెడకు ఉచ్చు బిగించడం, మోచేతిని మెలిపెట్టడం మిగిల్చాడు. ఇక ఇద్దరూ శక్తికొద్దీ పెనుగులాడవచ్చు, ఓడినవాడు చేత్తో తట్టి ఆపవచ్చు, మర్నాడు మళ్లీ రావచ్చు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ప్రాణాంతకమైన ఎత్తులను వదిలేసిన విద్యే పోరుకు ఎక్కువ పనికొచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. వంద రకాల మనుషుల మీద, వాళ్లు ఒప్పుకోకపోయినా, వెయ్యిసార్లు చేసి చూసిన ఒక్క ఎత్తు ఒంటికి పడుతుంది. ఎవరి మీదా నిజంగా చేయని భయంకరమైన ఎత్తు నమ్మకంగానే ఉండిపోతుంది. ‘మా విద్య చాలా ప్రమాదకరం, అందుకే పోటీలు పెట్టం’ అని ఏ మాస్టారైనా అంటే, ఆ మాటను హెచ్చరికగానే వినాలి.

వందేళ్ల తర్వాత ఇదే విషయం ప్రపంచమంతా తెరమీద చూసింది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో రకరకాల యుద్ధవిద్యల వాళ్లు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీ జరిగింది. బాక్సర్, కిక్‌బాక్సర్, సుమో మల్లుడు, కరాటే వీరుడు, అందరినీ ఒకే బోనులోకి దింపారు. గెలిచింది పెద్ద కండలేమీ లేని బ్రెజిల్ యువకుడు రాయిస్ గ్రేసీ. ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. దాంతో జుజుత్సులో ఏదో రహస్యం ఉందనుకుని జనం ఎగబడ్డారు. రహస్యమేమీ లేదు. కానో పాఠశాలలో తయారైన మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అతని ద్వారా గ్రేసీ కుటుంబానికి అందినది రోజూ తలపడే అలవాటు. తర్వాతి సంవత్సరాల్లో కుస్తీవాళ్లు, ముయే థాయ్ వాళ్లు వచ్చి అదే బోనులో గెలిచారు. వాళ్లదీ అదే అలవాటు.

ఈ గీటురాయి మీద మన ఊళ్లలోని కరాటే క్లాసును పెట్టి చూద్దాం. బ్రూస్ లీ సినిమాల వేడిలో డెబ్బైలు, ఎనభైల్లో పట్టణాలకు పాకిన విద్య ఇది. (బ్రూస్ లీ చేసింది కరాటే కాదన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ పట్టలేదు.) ఒక మాస్టారు, యాభై మంది పిల్లలు, వరుసల్లో నిలబడి గాలిని గుద్దడం, ‘కటా’ పేరుతో కదలికల వరుసను బట్టీ పట్టడం, మూడు నాలుగు నెలలకొకసారి గ్రేడింగు, దానికో రుసుము, కొత్త రంగు బెల్టు, ఫొటో. వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టడం. పెంకు ఎదురు కొట్టదు, పక్కకు తప్పుకోదు. ఈ రంగురంగుల బెల్టుల పద్ధతి కూడా ప్రాచీన తూర్పు సంప్రదాయమేమీ కాదు. 1920లు, 30లలో ఐరోపాలోని జూడో క్లబ్బుల్లో, ఓపిక తక్కువైన విద్యార్థులను నిలబెట్టుకోవడానికి బలపడిన ఏర్పాటు.

కరాటేను మొత్తంగా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. మసుతాత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్ శాఖలో ఒంటి మీద దెబ్బలు తగిలేలా పోరాడతారు. ముఖం మీద పిడిగుద్దులు మాత్రం నిషిద్ధం. ఆ శాఖ నేర్చినవాడిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మామూలు శాఖల్లోనూ వారానికి రెండు రోజులు జోడీలతో స్పారింగ్ చేయించే మాస్టార్లు ఉన్నారు. ఆరేడేళ్ల పిల్లలకు ఒంటికాలి మీద నిలబడటం, కుడి ఎడమ చేతులూ కాళ్లూ పొందికగా కదిలించడం నేర్పడానికి కటా చక్కని సాధనం. పదహారేళ్ల అమ్మాయికి అదొక్కటే నేర్పి ‘ఇక నీకు భయం లేదు’ అని చెప్పడమే అన్యాయం.

స్పోర్ట్స్ కోటా ఆశతో చేరేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. జూడో 1964 నుంచి (1968లో తప్ప), తైక్వాండో 2000 నుంచి ఒలింపిక్ పతక క్రీడలు. కరాటే టోక్యోలో ఒక్కసారి కనిపించి, 2024 పారిస్‌లో లేకుండా పోయింది. సర్టిఫికెట్ ఇచ్చే సంఘానికి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోవాలి.

నాకు ఆశ్చర్యం కలిగించేది మరొకటి. నిజంగా అడ్డుకునే జోడీతో సాధన చేసే విద్య మన పెరట్లోనే ఉంది. కుస్తీ. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగి ‘కలియుగ భీమ’ అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడి కాలంలో తాలింఖానా లేని పట్టణం అరుదు. హైదరాబాద్ బార్కస్‌లో ఇప్పటికీ పహిల్వాన్లు మట్టి గోదాలో దిగుతున్నారు. దండీలు, బస్కీలు, పట్లు, ఎత్తులు... ఒంటికి ఇంతకన్నా సమగ్రమైన వ్యాయామం ఏ జిమ్ములోనూ దొరకదు. ఖర్చు దాదాపు లేదు. అయినా మధ్యతరగతి ఆ గడప తొక్కదు. బెల్టు లేదు, తెల్ల దుస్తుల ఫొటో లేదు, మట్టి అంటుతుంది, పైగా అది ‘మనవాళ్ల’ విద్య కాదన్న పైకి చెప్పని భావం. ఆడపిల్లలకైతే చాలా గోదాల్లో ఇప్పటికీ చోటే లేదు. సాక్షి మలిక్ 2016లో ఒలింపిక్ కాంస్యం తెచ్చిన తర్వాత కూడా మన దగ్గర పరిస్థితి పెద్దగా కదల్లేదు.

కర్రసాము, కత్తిసాములకు మళ్లీ ఆదరణ పెరగడం సంతోషించదగ్గ సంగతే. కేరళలో కలరిపయట్టు గురువు మీనాక్షి అమ్మ డెబ్బై దాటాక 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి దారుఢ్యం కావాలనుకునేవారు సాము నిస్సంకోచంగా నేర్చుకోవచ్చు. కాకపోతే సిటీ బస్సులో చేతిలో కర్ర ఉండదు.

అయితే మరి ఏది ఎంచుకోవాలి? ఇంటి నుంచి అరగంటలో చేరగలిగిన చోట మంచి గురువు ఉన్న విద్య. ఇది తప్పించుకునే జవాబులా కనిపించవచ్చు గానీ నిజామాబాద్‌ను చూడండి. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. పరుగు పందేలతో మొదలైన అమ్మాయి అన్ని యుద్ధవిద్యలనూ తూచి చూసి బాక్సింగ్ ఎంచుకుందనుకోలేం. ఆ ఊళ్లో బాక్సింగ్ నేర్పే మనిషి ఉన్నాడు, తీసుకెళ్లే తండ్రి ఉన్నాడు. ఆ మైదానంలో జూడో గురువు ఉండి ఉంటే చరిత్ర జూడో వైపు నడిచేదేమో.

గురువును అంచనా వేయడానికి ఆయన గోడ మీది పతకాలు పెద్దగా ఉపయోగపడవు. ఒక సాయంత్రం మూలన కూర్చుని క్లాసు చూడనివ్వమని అడగాలి. చూడనివ్వకపోతే అక్కడితో సరి. చూడనిస్తే, ఒక్క పిల్లవాడి మీదే దృష్టి పెట్టి, గంటలో వాడు ఎంతసేపు కదిలాడో, ఎంతసేపు వరుసలో నిలబడి వంతు కోసం ఎదురుచూశాడో లెక్కపెట్టాలి. పిల్లలకు రోజుకు గంట, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంట క్లాసులో పావుగంట కదిలించే చోట ఫిట్‌నెస్ రాదు, దాని పేరు ఏ దేశపు భాషలో ఉన్నా.

దెబ్బల సంగతి కూడా అడగాలి. పిల్లల తలకు గుద్దులు తగిలే బాక్సింగ్‌ను అమెరికా, కెనడా పిల్లల వైద్య సంఘాలు 2011లో గట్టిగా వ్యతిరేకించాయి. చిన్నవయసులో బాక్సింగ్‌లో చేర్చినా సంచి మీద సాధన, కాళ్ల కదలిక చాలు. తల మీద దెబ్బల స్పారింగ్ వద్దు. జూడో సురక్షితం కదా అని కళ్లు మూసుకోవడానికీ లేదు. దాని పుట్టింట, జపాన్ పాఠశాలల్లోనే, 1983 తర్వాత మూడు దశాబ్దాల్లో వందమందికి పైగా పిల్లలు జూడో సాధనలో చనిపోయారు. ఎక్కువగా తల నేలకు తగిలి. సరిగా పడటం రానివాళ్లను విసరడం, కళ్లు తిరుగుతున్నాయంటే ఓర్చుకోమనడం అక్కడి శాపాలు. మొదటి నెలంతా పడటమే నేర్పే గురువు సమయం వృథా చేస్తున్నాడని విసుక్కోకండి. ఆ పిల్లవాడు జీవితంలో ఎవరితోనైనా కొట్లాడతాడో లేదో గానీ, తడి నేల మీద, బైకు మీద నుంచి పడటం మాత్రం ఖాయం.

పడటం అన్నది పెద్దవాళ్లకు మరీ ముఖ్యం. డెబ్బై దాటిన 670 మందితో అమెరికాలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మెల్లని కదలికల చైనా విద్య తాయ్ చీ ఆధారిత సాధన చేసినవారు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారికన్నా 58 శాతం తక్కువగా పడ్డారు. ఉద్యాన వనాల్లో మెల్లగా చేతులు ఊపుతున్నారని నవ్వుకునే విద్య, తుంటి ఎముక విరిగి మంచాన పడకుండా కాపాడుతోంది. ఆ వయసులో అంతకన్నా ఆత్మరక్షణ ఏముంది?

ఇక అసలు ఆత్మరక్షణ. ప్రకటనల్లో ముసుగు వేసుకున్న అపరిచితుడు చీకటి సందులో దాడి చేస్తుంటాడు. జాతీయ నేర రికార్డుల సంస్థ నివేదికల్లో, అత్యాచార కేసుల్లో 95 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్లాడతానన్నవాడు. తెలిసినవాడి మీదికి చెయ్యి లేవదు. అడ్డుపడేది కండబలం కొరత కాదు, మొహమాటం, భయం, ఎవరూ నమ్మరేమోనన్న సందేహం. కటాల్లో వీటికి మందు లేదు.

కెనడాలో షార్లీన్ సెన్ బృందం దీని మీదే పనిచేసింది. మూడు విశ్వవిద్యాలయాల్లో తొమ్మిది వందల మంది దాకా మొదటి సంవత్సరం విద్యార్థినులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు పన్నెండు గంటల శిక్షణ ఇచ్చారు. పరిచయస్తుల ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, సంకోచాన్ని దాటి గట్టిగా వద్దనడం, ఆ తర్వాత చేతులూ కాళ్లూ వాడటం. శరీరంతో ఎదిరించడం అందులో ఒక భాగం మాత్రమే. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాది కాలంలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ లేని జట్టులో 9.8 శాతం, శిక్షణ పొందిన జట్టులో 5.2 శాతం. పన్నెండు గంటలతో వచ్చిన తేడా ఇది.

మన ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్ష కింద బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. బడికి నెలకు 5,000 రూపాయలు ఇస్తారు. పథకం మంచిదే. కానీ మూడు నెలల్లో ఏ కరాటే విద్యా ఒంటపట్టదు. ఆ సమయంలో సగాన్ని అరవడం, వద్దనడం, పట్టు విడిపించుకుని పరుగెత్తడం, ఎవరికి చెప్పాలో తెలుసుకోవడం మీద పెడితే అదే డబ్బుకు ఎక్కువ ఫలం దక్కుతుందని నా అభిప్రాయం. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ఎంతవరకు కొట్టవచ్చో, అవసరానికి మించి హాని చేస్తే ఆ హక్కు ఎక్కడ ఆగిపోతుందో ఒక్క పీరియడ్‌లో చెప్పవచ్చు. మగపిల్లలకు ఆ పాఠం ఇంకా అవసరం.

అందుకే ఆరోగ్యం, ఆత్మరక్షణ అన్న రెండు మాటలనూ ఒకే రుసుముతో కొనుక్కోగలమనుకోకూడదు. మొదటిది ఏళ్ల తరబడి సాగవలసిన అలవాటు. అది మన దగ్గర ఎక్కడ తెగుతుందో అందరికీ తెలిసిందే. పదో తరగతి దాకా చెమటోడ్చిన పిల్లలు మైదానం లేని ఇంటర్మీడియెట్ కాలేజీలో చేరి, ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ల దాకా కుర్చీకి అతుక్కుపోతారు. ఎనిమిదేళ్ల పాటు ఏ విద్య నేర్చుకున్నా ఆ రెండేళ్లలో ఒళ్లు దాన్ని మరిచిపోవడం మొదలుపెడుతుంది. వారానికి రెండు సాయంత్రాలు మా అమ్మాయిని సాధనకు వదలండి అని అడ్మిషన్ రోజునే యాజమాన్యాన్ని అడగవలసినది తల్లిదండ్రులే. కోచ్ ఎంత మంచివాడైనా ఆ గేటు లోపలికి రాలేడు.